కరకగొంది పిల్లలు రాలేదు

జూన్‌లో బడి తెరిచిన వారానికల్లా మద్దిలోవ బాలికల ఆశ్రమ పాఠశాలకి చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు ఒక్కొక్కరే వచ్చి చేరారు. నెత్తి మీద రేకు పెట్టెలు పెట్టుకుని తండ్రులు, చంకలో చంటిబిడ్డలతో తల్లులు గేటు దాకా వచ్చి దిగబెట్టి వెళ్ళారు. ఒక్క కరకగొంది నుంచే ఎవరూ రాలేదు. రెండో వారం కూడా రాలేదు.

హేమలత ఆ బడికి ప్రధానోపాధ్యాయురాలిగా కొత్తగా వచ్చింది. చోడవరం మనిషి. సర్వీసులో సగం ఏజెన్సీలోనే గడిచింది కాబట్టి కొండదారులూ, వానా, కరెంటు లేని సాయంత్రాలూ ఆమెకి అలవాటే. పిల్లలు బడి మానేయడమూ అలవాటే. రాగి చేలల్లో, ఇక్కడి మాటలో చోడి చేలల్లో, పనున్నప్పుడు కొందరు మానేస్తారు, అడ్డాకులు కోసే రోజుల్లో కొందరు, తల్లి పనికి పోతే చంటిపిల్లని ఎత్తుకోడానికి ఇంకొందరు. ఊరికి ఒకరో ఇద్దరో అలా ఉంటారు. వెళ్ళి నాలుగు మాటలు చెప్పి తీసుకురావచ్చు. ఊరు ఊరంతా కట్టగట్టుకుని మానేయడం మాత్రం ఆమె ఎక్కడా చూడలేదు.

స్టాఫ్ రూములో ఆ మాటెత్తితే లెక్కల మాస్టారు లక్ష్మీప్రసాద్ పెదవి విరిచాడు.

"ఆ ఊరోళ్ళు అంతే మేడమ్. కోదు తెగవాళ్ళు. వాళ్ళ మాట వేరు, వాళ్ళ లోకం వేరు. కల్లు దిగే కాలం వస్తే పిల్లలూ గుర్తుండరు, బడీ గుర్తుండదు."

మిగతా టీచర్లు టీ గ్లాసుల్లోకి చూస్తూ కూర్చున్నారు. హేమలతకి అది వింతగా తోచింది.

ఆ ఊరి పిల్ల ఒకతి మార్చిలో జ్వరంతో చనిపోయిందని ఆమెకి తెలుసు. బాధ్యతలు తీసుకున్న రోజే చెప్పారు. గంగ అని అయిదో తరగతి పిల్ల. మలేరియా తలకెక్కింది. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. అంతకుముందున్న పెద్ద మేడమ్‌ని సస్పెండ్ చేశారు, ఇంట్లోవాళ్ళకి పరిహారం ఇచ్చారు. "ఆ సంగతి అయిపోయింది" అన్నారు. జ్వరాలకి భయపడి ఊరివాళ్ళు పిల్లల్ని దాచుకుంటున్నారని హేమలత అనుకుంది. భయమే అయితే పోగొట్టవచ్చు. పడక గది కిటికీలన్నిటికీ జాలీలు వేయించింది. ప్రతి మంచానికీ దోమతెర కట్టించింది.

పాడేరులో కూర్చునే సంక్షేమాధికారి ఫణీంద్రకి ఇంత ఆలోచన పట్టలేదు. చెడ్డవాడని కాదు, పైవాళ్ళు ఆయన్ని నిలదీస్తారు, ఆయన వీళ్ళని నిలదీస్తాడు. రోజూ పొద్దున్నే ఫోనులో పిల్లల మొహాలు ఫొటోలు తీసి హాజరు పంపాలి. రాని పిల్లల పేర్లు ఎర్రగా వెలుగుతాయి. శనివారం వీడియో మీటింగులో ఆయన ఆ ఎరుపు చూపించి అడిగాడు.

"ఒకే ఊర్నుంచి ఇంతమందా? అమ్మల ఖాతాల్లో పడే పథకం డబ్బు ఆగిపోతుందని చెప్పండి మేడమ్. భయం ఉంటే వాళ్ళే పంపుతారు."

ఆ మాట మోసుకుని లక్ష్మీప్రసాద్ జీపులో వెళ్ళాడు. జీపు చప్పుడు కింద కొండవాగు గెడ్డ దగ్గర వినబడగానే పిల్లలు కాఫీ తోటల్లోకి పారిపోయారట. పథకం డబ్బు సంగతి చెబితే, "ఆగితే ఆగనీండి బాబూ" అందట ఒకావిడ, చేటలో గింజలు చెరుగుతూ తల కూడా ఎత్తకుండా. మాస్టారు బట్టలన్నీ బురద చేసుకుని తిరిగొచ్చాడు.

ఇక హేమలతే బయల్దేరింది. రోడ్డు గెడ్డ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి రాళ్ళ మీద నీళ్ళు దాటి, సిల్వర్ ఓక్ చెట్ల మధ్య ఏటవాలుగా ఎక్కాలి. ఊళ్ళో ఆమెని ఎవరూ పొమ్మనలేదు. అరుగు మీద చాప పరిచారు, మంచినీళ్ళిచ్చారు, పనసతొనలు వలిచి ఆకులో పెట్టారు. ఆమె దోమతెరల గురించి చెప్పింది, నర్సు వారానికి రెండుసార్లు వస్తుందని చెప్పింది. అందరూ విన్నారు.

"పంపుతాం మేడం. సోమారం పంపుతాం."

సోమవారం ఎవరూ రాలేదు. కొండమీద మనిషి మొహమాటానికి అవునంటే ఎలా ఉంటుందో హేమలతకి తెలుసు. కానీ ఆ "పంపుతాం" అన్నప్పుడు ఒక్కరు కూడా ఆమె మొహంలోకి చూడలేదు.

వానలు ముదిరాక ఒంటరిగా మళ్ళీ వెళ్ళింది. ఊరి మొదట్లోనే చోడి చేలో ఒకావిడ కలుపు తీస్తోంది. పక్కన రెండో మూడో తరగతి వయసున్న పిల్ల. టీచర్ని చూడగానే తల్లి వెనక్కి పోయింది.

"నీ పేరేంటమ్మా?" అంది హేమలత.

తల్లి తమ భాషలో ఏదో అంది. పిల్ల పరుగెత్తుకుంటూ ఊళ్ళోకి వెళ్ళిపోయింది. ఆవిడ మళ్ళీ కలుపులోకి వంగింది. వాన చినుకులు మొదలైనా లేవలేదు.

ఊళ్ళో ఎప్పటిలాగే మంచినీళ్ళు, ఎప్పటిలాగే "పంపుతాం". తిరిగి వచ్చేటప్పుడు గాసి అనే పెద్దాయన గొడుగు పట్టుకుని గెడ్డ దాకా సాగనంపాడు. ఊళ్ళో తగవులు తీర్చే మనిషి. కాస్త తెలుగు బాగా వచ్చిన మనిషి. నీళ్ళ ఒడ్డున ఆగాడు.

"టీచరమ్మా, ఇంక రాకండి. మీకు కాళ్ళనొప్పి, మాకు మొగమాటం."

"పిల్లల్ని ఎందుకు పంపట్లేదో చెప్పండి. ఇంక రాను."

గాసి గెడ్డలోకి చూశాడు. కొత్తనీరు ఎర్రగా పారుతోంది.

"సేలో కలుపు తీత్తన్నాదే, అది సోములమ్మ. గంగ తల్లి."

ఆ తల్లి ముందే నిలబడి ఆమె రెండో కూతురి పేరడిగి వచ్చింది తను.

"జొరానికి బయపడినాం అనుకున్నావు గదా? జొరాలు మాకు కొత్తేటమ్మా? ఇంట్లో ఉన్నా వత్తాయి. ఆ రోజు బండి ఇదిగో, ఇక్కడే ఆగింది. డ్రైవరూ ఇంకో మనిషీ మా గంగ గుంటని దింపీసినారు. ఏటైనాది బాబూ అంటే, మాకు తెల్దన్నారు. బేగి బేగి బండి తిప్పీసుకుని ఎల్లిపోనారు. మేమే డోలీ కట్టి మోసుకెల్లినాం. తరవాత ఆఫీసరోళ్ళు వచ్చినారు. ఏలిముద్రలు ఏయించుకున్నారు. ఇవ్వాల్సింది ఇచ్చినారు. కాదన్ను. కానీ ఆ గుంట ఎలాగ పోనాదో ఒక్కలూ సెప్పనేదు. సోములమ్మ ఇప్పటికీ అదే అడుగుతాది. నీళ్ళడిగిందా, ఏడిసిందా, ఎవలి ఒళ్ళో పోనాది అని. మాకేటి తెలుసు? మనిషి ఎవలి సేతుల్లో పోతే ఆళ్ళొచ్చి సెప్పాల గదమ్మా. ఆళ్ళు రానేదు. మా పిల్లలూ రారు."

ఆ సాయంత్రం బడికి చేరేసరికి హేమలత చీర మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. బట్టలు కూడా మార్చుకోకుండా లక్ష్మీప్రసాద్‌ని పిలిపించింది.

"ఆ పిల్లతో బండిలో ఎవరున్నారు మాస్టారూ?"

ఆయన బల్ల మీది పేపర్ వెయిట్ అటూ ఇటూ జరిపాడు.

"సౌందర్య టీచర్, మేడమ్."

సౌందర్య కాంట్రాక్టు మీద తెలుగు చెప్పే అమ్మాయి. బడి తెరిచాక ఒక్క రోజు కూడా రాలేదు. సెలవు అడగలేదు, ఫోను ఎత్తలేదు. హేమలతే ఆమెకి రెండు నోటీసులు పంపింది. ఇక మూడోది పంపితే ఉద్యోగం పోయినట్టే. "ఇలాంటివాళ్ళని ఏరెయ్యాలి మేడమ్, మిగతావాళ్ళకి బుద్ధొస్తుంది" అని ఫణీంద్ర కిందటి మీటింగులోనే అన్నాడు. పిల్లల గైరుహాజరు ఒక ఫైలు, టీచరు గైరుహాజరు ఒక ఫైలు. రెండూ ఆమె బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి ఇన్నాళ్ళూ.

"ఊరి దాకా వెళ్తానని ఆవిడే అంది మేడమ్," అన్నాడు లక్ష్మీప్రసాద్. "పెద్ద మేడమ్ ఫోన్ చేసి, ఊరోళ్ళు కోపం మీదుంటారు, కొడతారు, నువ్వు మధ్యలోనే దిగిపో అన్నారు. అంతే. ఆ తరవాత ఎవరం ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు."

ఆదివారం హేమలత ఘాట్ దిగి వడ్డాది వెళ్ళింది. సౌందర్య తండ్రి తాతారావు వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెరుకు పండించే రైతు. వచ్చింది ఎవరో తెలిశాక గబగబా లేచి భుజం మీది తువ్వాలుతో కుర్చీ దులిపాడు.

"తీసేత్తారా అమ్మా? తీసేత్తే తీసేత్తారు గానీ, దానికేటైందో మీరైనా అడగండి. పొద్దున్నే లెగుత్తాది, తానం సేత్తాది, సీర కట్టుకుంటాది, బాక్సు సర్దుకుంటాది. సెంటర్లో పాడేరు బస్సు కోసం నిలబడతాది. బస్సొత్తాది, ఎల్లిపోతాది. ఇది మాత్రం ఎక్కదు. తిరిగి ఇంటికొచ్చేత్తాది. రోజూ ఇదే. బద్ధకమనుకుని సివాట్లేసినాను. బద్ధకం అయితే తానమెందుకు సేత్తాదమ్మా?"

సౌందర్య వెనకింట్లో నేల మీద కూర్చుని ఉంది. ముప్ఫై దాటని మనిషి. కళ్ళ కింద చీకట్లు పడి ఉన్నాయి. హేమలత ఆమె ఎదురుగా గచ్చు మీద కూర్చుంది. నోటీసుల ఊసు తీయలేదు, బడి ఊసు తీయలేదు.

"గంగ వాళ్ళమ్మ అడుగుతోందమ్మా," అంది.

సౌందర్య తలెత్తింది. "ఏమని?"

"కూతురు ఎలా పోయిందని. ఎవరూ చెప్పలేదట."

అంతే, ఆ అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుని చాలాసేపు ఏడ్చింది. తల్లి గుమ్మం దగ్గరికి వచ్చి చూసి, లోపలికి రాలేక అక్కడే నిలబడింది. ఏడుపు ఆగాక సౌందర్య అంది:

"బస్సు ఎక్కితే ఆ మలుపు వస్తుంది మేడమ్. చెట్టు పడి బండి ఆగిపోయిన మలుపు. అది దాటి బడికెళ్తే పిల్లలు గుడ్మాణింగ్ టీచర్ అంటారు. ఏం మొహం పెట్టుకుని అనిపించుకోను? నేనా ఊరికెళ్తే కొడతారా?"

కొట్టరని, తనకే తెలియని మాట హేమలత ఎలా చెబుతుంది? "కొడితే ఇద్దరం తిందాం," అంది.

గురువారం ఇద్దరూ గెడ్డ దాటారు. అవతలి ఒడ్డున గాసి ఉన్నాడు. ఏమీ అడగలేదు, ముందు నడిచాడు. సోములమ్మ ఇంటి ముందు అప్పటికే ఆడవాళ్ళు చేరి ఉన్నారు. గంగ తండ్రి సోంబరు గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. ఈసారి ఎవరూ చాప పరచలేదు, నీళ్ళు ఇవ్వలేదు. సౌందర్య అలాగే మట్టినేల మీద సోములమ్మ ఎదుట కూర్చుంది.

"మధ్యాహ్నం అన్నం వద్దంది. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. బండి పిలిచి ఎక్కించాం. తలకాయ నా ఒళ్ళో పెట్టుకుంది. గాలివాన పట్టుకుంది. మలుపులో చెట్టు పడిపోయి ఉంది. డ్రైవరు, నర్సు దిగి కొమ్మలు లాగుతున్నారు."

గాసి వాక్యం వాక్యం వాళ్ళ మాటలో చెబుతున్నాడు. సోములమ్మ ఆయన వైపు చూడటం లేదు. సౌందర్య నోటి వైపే చూస్తోంది.

"నీళ్ళడిగిందా?" అంది ఉన్నట్టుండి తెలుగులో.

"అడిగింది. సీసా మూతతో పోశాను. రెండు గుటకలు తాగింది."

"ఏడిసిందా?"

"లేదు. వణికింది. చాలా వణికింది."

"ఏటి కప్పినావు?"

"నా స్వెట్టరు. ఎర్రది."

ఆడవాళ్ళలో కదలిక వచ్చింది. సోములమ్మ చెయ్యి నేల మీద ఆనించింది. "ఆ ఎర్రది నీదా? కొత్తది. ఎవలిదో తెలీక, దానికి ఇష్టమై ఏసుకున్నాదేమో అని, దానితోటే మట్టి చేసినాం."

సౌందర్య తలూపింది. తరవాత నెమ్మదిగా, "పోయేముందు మాట్లాడింది," అంది. "మీ భాషలో. అదే మాట రెండుసార్లు అంది. నాకు అర్థం కాలేదు. ఏం కావాలి గంగా, తెలుగులో చెప్పు, తెలుగులో చెప్పు అని అడిగాను. చెప్పలేదు. ఆ మాట మాత్రం నాకు గుర్తుండిపోయింది. రోజూ వినబడుతుంది. ఏం అడిగిందో, నేనేం ఇవ్వలేకపోయానో తెలీదు."

ఆ మాటని ఆమె పలికింది. అర్థం తెలియని మాటని పట్టి పట్టి పలికినట్టు, చప్పుడుకి చప్పుడు పేర్చి పలికింది. పలకడం పూర్తికాకముందే సోములమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. సోంబరు గోడ వైపు తిరిగిపోయాడు. ముసలమ్మ ఒకతి రాగం తీసి ఏడుపు ఎత్తుకుంది, మిగతా ఆడవాళ్ళు అందుకున్నారు. మార్చిలో ఏడ్చిన ఏడుపే మళ్ళీ ఊరంతా ఏడ్చింది.

హేమలత గాసి వైపు చూసింది.

"చలేత్తంది, పొయ్యి రాజెయ్యి అని," అన్నాడాయన. "ఇంట్లో ఉన్నాననుకున్నాది."

ఏడుపు సద్దుమణిగాక సోములమ్మ లేచి లోపలికి వెళ్ళింది. గిన్నెడు చోడి అంబలి తెచ్చి సౌందర్య ముందు పెట్టింది. ఇంకో గిన్నె హేమలతకి. ఇద్దరూ తాగారు. చావు జరిగిన ఇంట్లోంచి లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనకూడదని హేమలతకి చిన్నప్పుడు తల్లి నేర్పింది. ఏమీ అనకుండానే లేచి నడిచారు. ఊరి చివరిదాకా ఆడవాళ్ళు వెంట వచ్చారు.

తరవాతి సోమవారం గాసి ముందు నడుస్తుంటే వెనకాల వరసగా కరకగొంది పిల్లలు మద్దిలోవ గేటు దాటి లోపలికి వచ్చారు. అందరూ కాదు. పెద్దపిల్లలిద్దరికి కొండ కింద పెళ్ళిళ్ళు కుదిరిపోయాయి. ఇద్దరు ముగ్గురిని తల్లులు ఇంకా నమ్మి పంపలేదు. సోములమ్మ రెండో కూతురు రాలేదు.

ఫణీంద్ర ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. "ఏం చేశారు మేడమ్? మిగతా బడులకీ చెప్దాం."

"గంగ ఇంటికి పలకరింపుకి వెళ్ళాం సార్."

"సరే సరే. ఇకమీదట ఇలాంటివి ముందు నాకు చెప్పి చేయండి," అన్నాడు.

సౌందర్య విషయంలో ఆమె రాసిన సిఫార్సు పని చేయలేదు. ఫైలు పైనుంచి వచ్చేసరికి ఆ పోస్టులో వేరొకరిని వేసేశారు. హేమలత మనసులో అది ఎప్పటికీ ముల్లే. సౌందర్య మాత్రం ఒక్క మాట తిట్టుకోలేదు. చోడవరంలో ఒక చిన్న ప్రైవేటు బడిలో చేరి, రోజూ వెళ్తోంది. తాతారావే ఫోన్ చేసి చెప్పాడు.

ఆ ఏడాది నుంచి మద్దిలోవలో ఒక పద్ధతి మొదలైంది. ఏ పిల్లకి ఒళ్ళు వెచ్చబడినా ఆ రోజే ఊరికి కబురు వెళ్తుంది. సిగ్నల్ ఉంటే ఫోను, లేకపోతే సంతకొచ్చినవాళ్ళ చేత. తల్లో తండ్రో వచ్చి పక్కన కూర్చుంటారు. ఆస్పత్రికి వెళ్ళాల్సొస్తే బండిలో వాళ్ళూ ఎక్కుతారు. తగ్గాక కొందరు పిల్లల్ని ఇంటికి తీసుకుపోయి, తిరిగి బలం వచ్చాకే పంపుతారు. దాంతో వానాకాలమంతా హాజరు పడిపోయింది. ఫోను తెర మీద ఎరుపు పెరిగింది. ఫణీంద్ర సంజాయిషీ అడిగాడు. "పిల్లలు ఎక్కడున్నారో నాకు తెలుసు సార్, ఎందుకు లేరో కూడా తెలుసు," అని చెప్పిందామె. ఆయనకది నచ్చలేదు. ఇంక్రిమెంటు ఆగుతుందేమో అన్నాడు. ఆగితే ఆగనీండి అని నోటి దాకా వచ్చిన మాటని మింగేసింది.

కార్తీకం చలి మొదలైన రోజుల్లో, సంత నాడు, సోములమ్మ గేటు దగ్గర కనబడింది. తల మీద ఖాళీ బుట్ట. పిప్పళ్ళు అమ్ముకుని వస్తున్నట్టుంది. వాచ్‌మన్ రమ్మన్నా లోపలికి రాకుండా నిలబడి ఉంటే హేమలతే వెళ్ళింది.

"అది పడుకునే చోటు చూడాలి," అంది సోములమ్మ.

పడక గదిలో పిల్లలెవరూ లేరు, తరగతుల్లో ఉన్నారు. కిటికీ పక్కన ఒకప్పటి గంగ మంచం చూపించింది హేమలత. ఇప్పుడు అక్కడ వేరే ఊరి పిల్ల పడుకుంటోంది. దువ్వెనా, రిబ్బనూ దుప్పటి మీద పడేసి ఉన్నాయి. సోములమ్మ మంచం మీద కూర్చోలేదు. పక్కన నేల మీద కూర్చుని చెయ్యి చాపి దుప్పటి ముడతలు సరిచేసింది. అటు తరగతి గదిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్న చప్పుడు వస్తోంది. చాలాసేపు అది వింటూ కూర్చుంది.

రెండో పిల్ల సంగతి అడగాలని హేమలతకి నాలుక చివరి దాకా వచ్చింది. అడగలేదు. తనూ ఆమె పక్కన నేల మీద కూర్చుంది.